మళ్ళీ మళ్ళీ వేసిన తలుపు

"అంకయ్యకెలా ఉందమ్మా?"

లాకప్‌లో ఉన్నవాళ్ళు నన్ను చూడగానే అడిగే మొదటి మాట "నన్నెప్పుడు వదులుతారు" అని. మొహిద్దీన్ బాషా ఊచలు పట్టుకుని అంకయ్య గురించి అడిగాడు. బాషా చంపబోయాడని పోలీసులు చెబుతున్నది ఆ అంకయ్యనే.

"కళ్ళు తెరిచాడు. మాట ఇంకా రావట్లేదు, ఆక్సిజన్ పెట్టారు. వాళ్ళావిడ ప్రేమమ్మ పక్కనే ఉంది," అన్నాను.

ఆయన నుదురు ఊచలకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు. యాభై దాటిన మనిషి. శుక్రవారం నమాజుకి వేసుకున్న తెల్ల చొక్కా సోమవారానికి మట్టిరంగుకొచ్చింది. నాకు చూడబుద్ధి కాలేదు.

"పరామర్శలయ్యాయా జెస్సీ గారూ?" వెనక నుంచి సీఐ ఆదాం గొంతు. నిన్న చర్చిలో నా ముందు బెంచీలో నిలబడి గొంతెత్తి పాడిన మనిషే. యూనిఫాం వేస్తే మాత్రం గొంతు మారిపోతుంది. "సాయంత్రం కోర్టులో పెడుతున్నాను. మీ బ్రాడీపేట డిటెక్టివ్ వేషాలు ఈలోగా ముగించండి."

"శుక్రవారం రాత్రి నుంచి ఇక్కడే కూచోబెట్టి, అరెస్టు మాత్రం ఇవాళ పొద్దున అని రాసుకున్నారట? ఆ వేషం ఎవరిదండీ?"

ఆదాం మీసం దువ్వుకున్నాడు.

సంగతి ఇదీ. సుబ్బరావమ్మ గారి కోల్డ్ స్టోరేజీ చిలకలూరిపేట రోడ్డులో ఉంది. రైతులూ వ్యాపారులూ మిర్చి కుక్కిన గోనె టిక్కీలు తెచ్చి చాంబర్లలో దాచుకుంటారు. ఆ చాంబర్ల తలుపు తాళాలూ, ఫ్యాన్లూ, లైట్లూ, చల్లదనం కోసం అమ్మోనియా వదిలే వాల్వులూ అన్నిటినీ పదిహేనేళ్ళుగా ఒక పాత కంప్యూటరు నడుపుతోంది. ఆవిడ భర్త బతికుండగా, బొంబాయిలో మూతబడ్డ బట్టల మిల్లు నుంచి కొనుక్కొచ్చాడు. బీరువా అంత ఉంటుంది. మౌసు లేదు, బొమ్మలు లేవు, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలు. దాన్ని చూసుకునేది బాషా.

ఈ మధ్య హైదరాబాదు నుంచి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వచ్చి, పాతదాన్ని తీసెయ్యకుండానే దానికి కొత్త ముఖం తొడిగింది. మామూలు పీసీలో రంగురంగుల బటన్లు. బటన్ నొక్కితే ఆ మాట వెనకున్న పాత కంప్యూటరుకి వెళ్తుంది, అది పని చేసిపెడుతుంది. కనిపించేది కొత్తది, కష్టపడేది పాతది. ఇళ్ళల్లో అత్తాకోడళ్ళ సంగతి కూడా ఇంతే అనుకోండి.

శుక్రవారం మధ్యాహ్నం మూడో చాంబర్లో అమ్మోనియా పైపు అతుకు ఊడింది. లోపల హమాలీ మేస్త్రి అంకయ్య ఒక్కడే ఉన్నాడు. బాషా నమాజుకి వెళ్ళాడు. కొత్త పీసీ ముందు సాఫ్ట్‌వేర్ కంపెనీ కుర్రాడు ప్రభు ఉన్నాడు. అలారం మోగగానే తలుపు తెరిచే బటన్ నొక్కానంటాడు. గ్యాసు మూసే బటన్ నొక్కానంటాడు. తలుపు తెరుచుకోలేదు. గ్యాసు ఆగకపోగా పెరిగింది. హమాలీలు గడ్డపారతో తలుపు పగలగొట్టి అంకయ్యని బయటికి లాగారు.

"పాత కంప్యూటరు ఏం రాసిపెట్టుకుందో మీరూ చూడండి," అంటూ ఆదాం జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు ఆడించాడు. "మూడో చాంబరు. గేటు, అంటే గ్యాసు వాల్వు, టి. తలుపు, వి. తలుపు, వి. తలుపు, వి. మళ్ళీ వి. ప్రతిదాని పక్కనా ఈయన పేరే. వి అంటే ఏంటో నువ్వే చెప్పు బాషా."

"వెయ్యి అనండి," అన్నాడు బాషా నెమ్మదిగా. "టి అంటే తియ్యి. మా సుబ్బరావమ్మ గారి ఆయనా నేనూ కలిసి పెట్టుకున్నాం. హమాలీలక్కూడా అర్థమవ్వాలని రెండే మాటలు పెట్టాం."

"తలుపు వెయ్యి, గ్యాసు గేటు తియ్యి. మనిషిని చంపడానికి ఇంతకన్నా ఏం కావాలండీ? కొత్త మిషనొస్తే ఈయన ఉద్యోగం పోతుంది. అది చెడ్డదని చూపించాలనుకున్నాడు. తను మసీదులో ఉన్నప్పుడు జరిగేటట్టు ముందే ఏదో పెట్టి వెళ్ళాడు."

"నేను పెట్టలేదు సార్. అంకయ్యా నేనూ ఇరవై ఏళ్ళుగా ఒకే క్యారేజీలో తింటున్నాం," అన్నాడు బాషా.

నేను అడిగాను. "కొత్త తెర పాత కంప్యూటరుతో ఎలా మాట్లాడుతుందో మీకు తెలుసా?"

"నాకు చెప్పలేదమ్మా. ఆ అబ్బాయి ఒకరోజు వచ్చి మాటలకి అర్థాలు అడిగి రాసుకెళ్ళాడు. నా పాస్‌వర్డు వాళ్ళ పెద్దాయన తీసుకున్నాడు. అంతే." ఆగి, మళ్ళీ అన్నాడు. "ఒక్కటి మాత్రం చెప్తాను. మా పాత మిషను దేన్నీ చెరపదు. మీరు ఒక ఫైలు మార్చారనుకోండి, పాతది పక్కన పెట్టి, కొత్తదానికి తర్వాతి నంబరిస్తుంది. ఒకటి, రెండు, మూడు అలా. మనం పనిగట్టుకుని తీసేస్తే తప్ప పాతవి పోవు."

ఆ మాట గుర్తుపెట్టుకున్నాను. సీఐ పట్టించుకోలేదు, ఆయనకి సాయంత్రం కోర్టు మీదే ధ్యాస.

*

సుబ్బరావమ్మ గారు గేటు దగ్గరే నాకూ, నా వెనకే జీపులో వచ్చిన సీఐకీ ఎదురొచ్చారు. నన్ను పెట్టుకుంది ఆవిడే. "ఏమ్మా జెస్సీ, మా బాషా ఏమన్నా తిన్నాడా? ఈ ఆదాం మహానుభావుడు టీ నీళ్ళన్నా పోయించాడా?" అని సీఐ మొహం మీదే అడిగారు. ఆవిడ గొంతు మిర్చి యార్డులో వేలం పాటకి పనికొస్తుంది.

మూడో చాంబరు తలుపు పగిలి పక్కకి వాలిపోయి ఉంది. మిర్చి ఘాటుతో కలిసి అమ్మోనియా వాసన ఇంకా కళ్ళు మండిస్తోంది. తలుపు లోపలివైపు చూశాను. లోపల్నుంచి తీసే పిడి ఉండాల్సిన చోట రెండు చిల్లులు మాత్రం ఉన్నాయి.

"పిడి ఏది?"

సుబ్బరావమ్మ గారి గొంతు మొదటిసారి తగ్గింది. "పోయిన సీజన్లో విరిగిందమ్మా. వేయిద్దాం వేయిద్దాం అనుకుంటూనే ఉన్నా. ఆ పాపం నాదే."

తలుపు పగలగొట్టిన హమాలీ పీరు ముక్కుకి తువ్వాలు కట్టుకుని నిలబడ్డాడు. "నువ్వు వచ్చేసరికి ఏం జరుగుతోంది పీరూ?" అని అడిగాను.

"లోపల మేస్త్రి బాదుతున్నాడండీ. బయటేమో తాళం టక్, టక్ అని కొట్టుకుంటా ఉంది. తెరుచుకుంటదేమో అని చూశాం. పడిన తాళమే మళ్ళీ పడతా ఉంది."

"చూశారా? ఎవరో చంపాలని పట్టుబట్టి మళ్ళీ మళ్ళీ తాళం వేస్తున్నారు," అన్నాడు ఆదాం.

నాకెక్కడో అది గుచ్చుకుంది. ఎందుకో అప్పుడే తెలియలేదు.

కంప్యూటర్ గదిలో ప్రభు కుర్చీ అంచున కూచుని ఉన్నాడు. పాతికేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. వాళ్ళది ప్రకాశం జిల్లానే కానీ, తండ్రి భిలాయి స్టీల్ ప్లాంటులో పని చెయ్యడంతో వాడు అక్కడే పుట్టి అక్కడే పెరిగాడు. తెలుగు మాట్లాడతాడు కానీ ప్రతి మాటా లోపల వెతుక్కుని తెచ్చినట్టుంటుంది.

"శుక్రవారం తర్వాత ఈ మిషన్లు ముట్టుకున్నావా?"

"లేదు మేడమ్, హాస్పిటల్లో ఉన్నాను. శనివారం పొద్దుట్నుంచీ ప్రేమమ్మ గారి దగ్గరే. ఆవిడ నన్ను తిట్టలేదు మేడమ్. ఇడ్లీ తినమంది." వాడు కీబోర్డు వైపు తిరిగాడు. "తిడితే బాగుండేది."

"ఇప్పుడు చేసి చూపించు బాబూ," అన్నాడు ఆదాం. "నాలుగో చాంబరుకి."

ప్రభు 'ఓపెన్' నొక్కాడు. బయట తాళం టక్కుమంది. పీరు కేకేశాడు, "తెరుచుకుందండీ!" 'క్లోజ్' నొక్కాడు. మూసుకుంది. గ్యాసు గేటు కూడా చెప్పినట్టే చేసింది.

ఆదాం నావైపు తిరిగి చేతులు కట్టుకున్నాడు. "కొత్తదాంట్లో ఏ తప్పూ లేదు డిటెక్టివ్ గారూ. తప్పు మనిషిలో ఉంది. ఆ మనిషి నా లాకప్‌లో ఉన్నాడు. ఇంక మీరు స్కూటరెక్కి వెళ్ళొచ్చు."

నిజం చెప్పొద్దూ, నా దగ్గర చూపించడానికి ఇంకేమీ లేదు. ఆ మనిషి తెల్ల చొక్కా కళ్ళముందు ఆడింది. సాయంత్రం కోర్టు, తర్వాత జైలు.

ప్రభు సెల్‌ఫోను మోగింది. వాడు లేచి నిలబడి మాట్లాడాడు. "సార్... ఆ సార్... డిటెక్టివ్ మేడమ్ వచ్చారు సార్. పాత మిషను దగ్గరే ఉన్నాం... ఓకే భార్గవ సార్." పెట్టేసి, "మా బాస్. ఇంకో పది కోల్డ్ స్టోరేజీలకి ఇదే ఇవ్వబోతున్నాం కదా, ఆయన టెన్షన్ ఆయనది," అన్నాడు.

గదిలో ఉక్క. బయట్నుంచి ఘాటు లోపలికొస్తోంది. సుబ్బరావమ్మ గారు కొంగుతో విసురుకుంటూ, "అబ్బాయ్, ఆ తలుపు వేసి ఫ్యాను వెయ్యి నాయనా, చస్తున్నాం," అన్నారు.

ప్రభు లేచి ఫ్యాను స్విచ్ నొక్కాడు. తలుపు దగ్గరికెళ్ళి ఆగిపోయాడు. దాన్ని ఇంకా బార్లా తెరవాలో, మూయాలో తేల్చుకోలేక నావైపు చూశాడు. ఒక్క క్షణమే. కానీ ఆ క్షణం చాలు.

"అమ్మా, ఆ మాట మళ్ళీ అనండి," అన్నాను.

"ఏ మాటే? తలుపు వెయ్యి, ఫ్యాను వెయ్యి అన్నా. తప్పా?"

"ఫ్యాను వేస్తే ఏమవుతుంది?"

"తిరుగుద్ది."

"తలుపు వేస్తే?"

"మూసుకుంటది. నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా?"

"ప్రభూ," అన్నాను. "బాషాని 'వెయ్యి' అంటే ఏంటని అడిగినప్పుడు మీరిద్దరూ దేని దగ్గర నిలబడ్డారు?"

"ఫ్యాన్ల దగ్గర మేడమ్. వెయ్యి అంటే ఆన్ అన్నారు. తియ్యి అంటే ఆఫ్."

"నువ్వేం రాసుకున్నావు?"

"ఆన్, ఓపెన్... రెండూ వి. ఆఫ్, క్లోజ్ రెండూ టి." అంటూనే వాడి మొహంలో రక్తం దిగిపోయింది. "ఫ్యాన్లూ లైట్లూ టెస్ట్ చేశాం. అన్నీ కరెక్టుగా వచ్చాయి. చాంబర్ల నిండా సరుకుందని తలుపులు టెస్ట్ చెయ్యనివ్వలేదు..."

తెలుగులో మనం లైటూ వేస్తాం, తలుపూ వేస్తాం. ఒకటి వెలుగుతుంది, రెండోది మూసుకుంటుంది. పుట్టినప్పట్నుంచీ వింటున్న మనకి అందులో తేడా ఉందనే తట్టదు, అందుకే బాషా చెప్పలేదు. భిలాయిలో పెరిగిన పిల్లాడికి అడగాలని తెలియదు.

"కాగితం ఇవ్వండి సీఐ గారూ. తలుపు, వి. వి. వి. వి. వేసిన తలుపుని మళ్ళీ మళ్ళీ ఎవరైనా వేస్తారా? చంపదలుచుకున్నవాడికి ఒక్కసారి చాలు. మళ్ళీ మళ్ళీ నొక్కేది తెరుచుకోని తలుపునే. అవి చంపడానికి నొక్కినవి కావు. అంకయ్యని కాపాడాలని ఈ పిల్లాడు నొక్కినవి."

ప్రభు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. "నేనే మూశాను. నేను నొక్కిన ప్రతిసారీ..." సుబ్బరావమ్మ గారు వెళ్ళి వాడి తలని పొట్టకి అదుముకున్నారు. "పిడి లేనిది నా తలుపుకి రా. నువ్వొక్కడివే మోయమాకు," అన్నారు. నాకూ కళ్ళు తడయ్యాయి. దాచుకోవడం దేనికి?

ఆదాం మాత్రం కరగలేదు. "కథ బాగుంది. కానీ బటన్లు ఇప్పుడే మన కళ్ళముందు సరిగ్గా పనిచేశాయి. పైగా రికార్డులో ఉన్నది ప్రభు పేరు కాదు, బాషా పేరు."

"ప్రభూ, ఒక లైటు వెయ్యి. కొత్త తెర మీద నుంచి."

వాడు కళ్ళు తుడుచుకుని నొక్కాడు. వరండాలో లైటు వెలిగింది. పాత కంప్యూటరుకి పక్కపక్కనే రెండు తెరలున్నాయి. మొదటిదాని మీద పచ్చటి వరుస ఒకటి పుట్టుకొచ్చింది. లైటు, వి. పక్కన పేరు బాషాది.

"బాషా ఊచల వెనక ఉండి లైటు వేశాడంటారా?"

ఆదాం తెర దగ్గరికి వంగి ఆ వరుస రెండుసార్లు చదివాడు.

"నాకు తెలీదు మేడమ్, ఒట్టు," అన్నాడు ప్రభు. "నేను స్క్రీన్లే చేశాను. రెండిటినీ కలిపే భాగం భార్గవ సార్ పెట్టారు. పాతదాంట్లోకి వెళ్ళడానికి ఏదో ఒక పేరు కావాలి కదా. బాషా గారిది పెట్టేసినట్టున్నారు. ఇక్కడ ఎవరు ఏ బటన్ నొక్కినా ఆయన పేరే పడుతుంది."

"ఆ మాటల ఫైలు పాత కంప్యూటర్లోనే ఉంది కదూ? దానికి ఎన్ని నంబర్లున్నాయో చూడు."

వాడు మొదటి తెర మీద టైపు చేశాడు. ఒకటే పేరు రెండుసార్లు వచ్చింది, చివర ఒకటి, రెండు. ఒకటో నంబరు తెరిపించాను. అందులో తలుపు ఓపెన్ అంటే వి. రెండోదాంట్లో ఏముందో అడిగితే వాడు రెండో తెర మీద చూసి చెప్పాడు. "తలుపు ఓపెన్ అంటే టి. సరిచేశారు మేడమ్. అందుకే ఇప్పుడు కరెక్టుగా పనిచేస్తోంది. కానీ నేను చెయ్యలేదు!"

"ఎప్పుడు మార్చారు? ఏ పేరుతో?"

"శనివారం పొద్దున పదకొండింటికి. బాషా గారి పేరుతో."

నేను ఆదాం వైపు తిరిగాను. ఇది అడగడానికి నాకే జాలేసింది.

"శనివారం పదకొండింటికి బాషా ఎక్కడున్నాడు సీఐ గారూ?"

ఆయన కాగితాల ప్రకారం బాషా అరెస్టయ్యింది ఇవాళ పొద్దున. ఆ కాగితాలే నిజమంటే, శనివారం బాషా స్వేచ్ఛగా తిరుగుతున్నట్టు. వచ్చి, మార్చి, వెళ్ళినట్టు. బాషాని కాపాడాలంటే ఆదాం తన తప్పు తన నోటితోనే చెప్పాలి. ఉద్యోగానికే ఎసరు రావచ్చు. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నా దగ్గరే ఉన్నాడు," అన్నాడు చివరికి. "శుక్రవారం రాత్రి నుంచి నా లాకప్‌లోనే. కోర్టులో కూడా ఇదే చెప్తాను."

ఆయన మీద నాకున్న కోపం సగం అక్కడే పోయింది. మిగతా సగం బాషా చొక్కా మారాక చూద్దాం.

"మరి మార్చింది..." అంటూ ప్రభు వైపు తిరిగిన నాకు, పాత కంప్యూటరు పక్కన ఒక చిన్న పెట్టె కనిపించింది. దాంట్లోంచి టెలిఫోన్ వైరు గోడలోకి పోతోంది. మేం వచ్చినప్పుడు దాని మీద ఒకటే లైటు. ఇప్పుడు ఎర్ర లైట్లన్నీ టపటపా కొట్టుకుంటున్నాయి.

"అదేంటి?"

"మోడెమ్. హైదరాబాదు నుంచి ఫోన్ లైన్ మీద..." వాడు రెండో తెర మీదికి ఉరికి ఏదో టైపు చేశాడు. లోపల ఎవరెవరున్నారో ఆ కంప్యూటరు చెప్పింది. మేం వాడుతున్న తెరలు పోను, బాషా పేరు ఇంకో రెండుసార్లు. "ఒకటి మన కొత్త స్క్రీను. రెండోది ఫోన్ లైన్లోంచి! మేడమ్, ఎవరో లోపలికొచ్చారు!"

"ఫైలు చూడు!"

మళ్ళీ టైపు చేశాడు. ఈసారి ఒక్క పేరే వచ్చింది. చివర రెండు. ఒకటో నంబరు లేదు.

"చెరిపేశారు! ఇంక శుక్రవారం రికార్డు కూడా..."

నేను ఆలోచించలేదు. వైరు పట్టుకుని గోడలోంచి ఊడబీకాను. గోడ సున్నం చీర మీద రాలింది. ఎర్ర లైట్లు ఆగిపోయాయి.

"మొదటి తెర ముట్టుకోకండి!" అని అరిచాను. దాని మీద ఒకటో నంబరులోని అక్షరాలు, మేం తెరిచినవి తెరిచినట్టే, పచ్చగా నిలబడి ఉన్నాయి. ఫైలు పోయినా తెర ఇంకా మరిచిపోలేదు. ఆదాం అప్పటికే పెన్ను తీసి ఒక్కో అక్షరం ఎక్కించుకుంటున్నాడు. "కింద సుబ్బరావమ్మ గారి సంతకం కూడా కావాలి," అన్నాడు తల ఎత్తకుండా.

"కానీ ఎవరని ఎలా చెప్తాం?" ప్రభు గొంతు పీలగా వచ్చింది. "పేరు బాషా గారిదే పడుతుంది. ఫోన్ లైన్లోంచి ఎవరైనా కావచ్చు."

అప్పుడు వాడి సెల్‌ఫోను మోగింది.

వాడు పేరు చూసి, ఫోను నాకిచ్చాడు. నేను బటన్ నొక్కి, ఆదాం చెవికీ నా చెవికీ మధ్య పట్టుకున్నాను. అవతల మనిషి మా మాట కోసం ఆగలేదు.

"ప్రభూ, లైను ఎందుకు తీసేశావు? పని సగంలో ఉంది."

వైరు ఊడబీకి నిమిషం కాలేదు. ఆ సంగతి ఈ గదిలో నలుగురికి తెలుసు. అయిదోవాడికి తెలిసిందంటే, వాడు ఆ లైను అవతలి కొసన ఉన్నట్టే. తెలుగు బాగా తెలిసినవాడు. శుక్రవారం సంగతి వినగానే 'వెయ్యి'లో ఉన్న తిరకాసు పట్టేశాడు. పట్టి, తప్పు సరిచేసి, మిగతా పది కోల్డ్ స్టోరేజీల కోసం ఆ నేరాన్ని బాషా మెడకి వదిలేశాడు.

"ఆ సగం పని మేం పూర్తి చేస్తాం భార్గవ గారూ," అన్నాడు ఆదాం ఫోన్లోకి. "నేను సీఐ ఆదాంని."

అవతల లైను తెగిపోయింది. ఆదాం తన ఫోను తీసి స్టేషన్‌కి చేశాడు. నిన్న చర్చిలో పాడిన గొంతు వచ్చింది ఈసారి.

"ఒరేయ్, బాషా గారిని బయటికి పిలిచి కుర్చీ వెయ్యి. ముందా తలుపు తియ్యి."

ప్రభు నా కొంగు పట్టుకుని మెల్లగా అడిగాడు. "తియ్యి అంటే... ఇక్కడ ఓపెనే కదా మేడమ్?"

"ఓపెనే నాన్నా," అన్నాను.